జబ్బు పేరు చెప్పగలను, ఎందుకో చెప్పలేకపోతున్నాను

ప్రశ్న: మెడిసిన్ మూడో సంవత్సరం చదువుతున్నాను. థియరీలో మార్కులు బాగానే వస్తాయి. వార్డులో కేసు ప్రెజెంట్ చేస్తున్నప్పుడు మాత్రం ‘ఇదే జబ్బని ఎలా చెప్తున్నావ్? ఇంకొకటి ఎందుకు కాకూడదు?’ అని ప్రొఫెసర్ అడగగానే నోరు పెగలదు. నాకు క్లినికల్ బ్రాంచ్ సరిపడదేమో! పేషెంట్లతో పనిలేని బ్రాంచ్ ఎంచుకోమంటారా?

జవాబు: బ్రాంచ్ సంగతి ఇప్పుడే తేల్చుకోకండి. పరీక్షలు ఇన్నాళ్లూ మీతో చేయించిన పని వేరు, వార్డు అడిగే పని వేరు. ప్రశ్నపత్రం జబ్బు పేరిచ్చి లక్షణాలు రాయమంటుంది. రోగి లక్షణాలతో వస్తాడు, జబ్బు పేరు మీరు వెతుక్కోవాలి. అలాగని చదివింది వృథా కాదు. పేరే తెలియని జబ్బును ఎవరూ అనుమానించలేరు.

ఛాతీ నొప్పితో వచ్చిన మనిషినే తీసుకోండి. ఈసీజీలో మార్పులున్నాయి, గుండెపోటు అనుకున్నారు. సరే, నొప్పి మెల్లగా పెరిగిందా, ఒక్కసారిగా భరించలేనంతగా వచ్చిందా? వీపులోకి చీల్చుకుపోయినట్టు ఉందా? రెండు చేతులకూ బీపీ చూశారా? అయోర్టిక్ డిసెక్షన్, అంటే బృహద్ధమని లోపలి పొర చిరిగినా ఛాతీ నొప్పే వస్తుంది, రెండు చేతుల బీపీలో తేడా కనిపించవచ్చు. ఒక్కోసారి ఈసీజీ కూడా మారుతుంది. అప్పుడు గుండెపోటనుకుని రక్తపు గడ్డలు కరిగించే మందిస్తే ప్రాణం మీదికొస్తుంది. ప్రొఫెసర్ అడిగే ప్రశ్న రెండో చేతికి కూడా బీపీ చూసేలా చేస్తుంది. దాని విలువ అంత.

రౌండ్స్‌కి ముందు ఒక పని చేయండి. హిస్టరీ తీసుకుని, రోగిని పరీక్షించాక, కేస్ షీట్‌లో సీనియర్లు రాసిన డయాగ్నసిస్ చూడకముందే మీ అనుమానం నోట్‌బుక్‌లో రాయండి. దాని కింద మరో రెండు. మొదటి అనుమానానికి పొసగని విషయం ఏముందో కూడా రాయండి. ఏమీ తోచకపోతే మళ్లీ రోగి దగ్గరికి వెళ్లండి, అడగని ప్రశ్న ఏదో మిగిలే ఉంటుంది. ప్రెజెంటేషన్‌లో ఆ పేజీలో ఉన్నదే పైకి చెప్పండి. లెక్క ఎక్కడ తప్పిందో ప్రొఫెసర్‌కి కనిపిస్తేనే కదా సరిదిద్దేది.

డిశ్చార్జి నాటికి ఏమని తేలిందో కనుక్కుని పక్కనే రాసుకోండి. చాలామంది దీన్నే వదిలేస్తారు. పోస్టింగ్ మారగానే ఆ రోగి సంగతి మరిచిపోతారు. తప్పులు తెలియకుండా ధీమా ఒక్కటే పెరగడం, ఈ వృత్తిలో నాకు అన్నిటికంటే భయం కలిగించే విషయం.

అందరూ నమ్మేదాన్ని కూడా ‘ఎందుకు’ అని అడగండి, మర్యాదగానే. గుండెపోటు వచ్చినవారిలో గుండె లయ తప్పితే ప్రమాదం కనుక, ఆ లయను అదుపుచేసే మందులిస్తే ప్రాణాలు నిలుస్తాయని ఒకప్పుడు డాక్టర్లు నమ్మారు. తర్కం చక్కగానే ఉంది. కాస్ట్ అనే ట్రయల్‌లో పరీక్షించి చూస్తే, ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ వాడినవారిలో లయ అదుపులోకి వచ్చినా, మందులేని మాత్ర వేసుకున్నవారికంటే ఎక్కువమంది చనిపోయారని 1989లో బయటపడింది. కొత్త మందు గురించి చదివేటప్పుడు, రిపోర్టు బాగుపడిందా, మనిషి బాగుపడ్డాడా అన్నవి విడివిడిగా చూడండి.

ఇక బ్రాంచ్. స్లైడు చూసే పెథాలజిస్టుకీ, స్కాన్ చదివే రేడియాలజిస్టుకీ రోజంతా ఎదురయ్యేది ‘ఇంకొకటి ఎందుకు కాకూడదు?’ అన్న ఈ ప్రశ్నే. ఆ సబ్జెక్టులు ఇష్టమైతే నిక్షేపంగా తీసుకోండి, వార్డు తప్పించుకోవడానికైతే వద్దు. ఇంటర్న్‌షిప్‌లో అన్ని విభాగాలూ తిరిగాక నిర్ణయించుకుంటే చాలు.