తోటలో చెక్కిన మాట మనల్ని ఎందుకు నిలబెడుతుంది?

రాతిమీద ఒకటి రెండు మాటలు చెక్కి చెట్ల మధ్య నిలబెడితే అది ఆలోచింపజేసే కళ ఎలా అవుతుందన్నది ప్రశ్న. స్కాట్లండ్ కవి ఇయన్ హామిల్టన్ ఫిన్లే 1966లో ఎడిన్‌బరోకు నైరుతి దిశగా ఉన్న పెంట్లాండ్ కొండల్లో మొదలుపెట్టిన లిటిల్ స్పార్టా తోటను దీనికి మంచి ఉదాహరణగా చూడవచ్చు. అక్షరాల అమరికే అర్థంలో భాగమయ్యే కాంక్రీట్ కవిత్వం రాసిన ఆయన, కాగితంతో సరిపెట్టుకోక రాయిని, చెక్కను, నీటి అంచును కూడా పుటలుగా చేసుకున్నారు.

పుస్తకంలో చూపు వెంటనే తరువాతి పంక్తికి జారిపోతుంది. ఇక్కడ తరువాతి పంక్తి ఉండదు, గాలీ నీడా నీటి కదలికా మాత్రమే ఉంటాయి కనుక, చదివినవారు ఆ మాటను చుట్టూ ఉన్నదానితో కలిపి చూడక తప్పదు. ఎండ ఏటవాలుగా పడినప్పుడు తేటగా కనిపించే అక్షరం మబ్బు పట్టగానే మసకబారుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ నాచు కూడా రచనలో పాలుపంచుకుంటుంది.

అయితే ఈ తోటను కేవలం ప్రశాంత స్థలంగా భావించడం సరికాదని నా అభిప్రాయం. ఫ్రెంచి విప్లవాన్ని, యుద్ధనౌకలను గుర్తుచేసే శిల్పాలు అక్కడ ఉన్నాయి. మౌనంగా నిలబడినవారిని అవి కలవరపెడతాయి కూడా. జపాన్‌లో దారుల పక్కనా ఆలయ ప్రాంగణాల్లోనూ కనిపించే హైకూ శిలల, అంటే హైకూ అనే చిన్న కవితను చెక్కిన రాళ్ల, తీరు వేరు. వాటిలో కొన్ని ఆ కవితకు ప్రేరణనిచ్చిన చోటనే నిలబెట్టినవి.