తక్కువ ధరలో ఎఫెక్ట్ క్రాష్: చైనానా, రంధ్రాలదా?

డ్రమ్ కిట్‌తో వచ్చిన ఇత్తడి సింబల్స్ (పళ్లేల్లాంటి తాళాలు) పక్కన గరగరలాడే క్రాష్, అంటే ఒక్క దెబ్బకి పేలినట్టు మోగే సింబల్, ఒకటి కావాలి, ఎక్కువ పెట్టలేను, చైనా (అంచు వెనక్కి తిరిగి ఉండే సింబల్) కొననా, ఒంటినిండా రంధ్రాలున్నది కొననా అని ఒకరు అడిగారు. నా ఓటు 16 అంగుళాల రంధ్రాల క్రాష్‌కే.

నేను వాయించేది చర్చిలో. చిన్న హాలు, పైన రేకులు. అక్కడ చైనా మీద ఒక్క దెబ్బ పడితే పాడేవాళ్లంతా వెనక్కి తిరిగి చూసేవారు. రంధ్రాల క్రాష్‌లో లోహం తక్కువ, పైగా కంపనం అంచు దాకా సాఫీగా పాకదు. అందుకే ‘చష్’ మని లేచి గబుక్కున ఆగిపోతుంది, పాట మాటలు మింగెయ్యదు.

రంధ్రాలవాటిలో మైనల్ కంపెనీ హెచ్‌సీఎస్ ట్రాష్ క్రాష్ ఇత్తడిది, చవక. పైస్టీ కంపెనీ పీఎస్‌టీ ఎక్స్ స్విస్ థిన్ క్రాష్ 8 శాతం తగరం కలిసిన కంచుది, ధర కాస్త ఎక్కువ. కంచు మోగినట్టు ఇత్తడి మోగదు, నిజమే. మామూలు క్రాష్‌లో ఆ తేడా చెవికి కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. ఇక్కడ కావాల్సిందే గరగర కాబట్టి ఇత్తడిదైనా పని జరిగిపోతుంది. చేతిలో డబ్బుంటే మాత్రం పైస్టీయే.

రంధ్రాలు మనమే వేసుకుంటే పోలా అనిపిస్తుంది. నాకూ అనిపించింది. పాత క్రాష్ తీసుకెళ్లి వెల్డింగ్ షాపులో డ్రిల్ చేయించాను. చూడ్డానికి భలే ఉంది, మోత కూడా బాగానే ఉంది. కానీ రంధ్రాల అంచులు నున్నగా అరగదీయించాలన్న బుద్ధి పుట్టలేదు. నెలన్నర తిరగకుండా ఒక రంధ్రం నుంచి పక్కదానికి పగులు పాకింది. ఆ పగిలినదాని మీదే పాత 14 అంగుళాల హైహ్యాట్ సింబల్ ఒకటి పెట్టి, రెండూ ఒకే స్టాండుకి బిగించాను. డ్రమ్మర్లు స్టాక్ అంటారే, అదే. స్టాండు పైనుండే వింగ్‌నట్ (చేత్తో తిప్పే రెక్కల నట్టు) బిగిస్తే పొట్టిగా ‘చక్’, వదిలితే ‘చర్ర్’ మని సాగుతుంది. ఏడాది పాటు పైసా ఖర్చు లేకుండా దాంతోనే నెట్టుకొచ్చాను! మీ దగ్గర మూల పడేసిన సింబల్ ఏదైనా ఉంటే ముందు ఇది చేసి చూడండి.

సెకండ్‌హ్యాండ్‌లో కొనేటట్టయితే ప్రతి రంధ్రం అంచు చుట్టూ గోరు తిప్పండి. కంటికి కనపడని పగులు గోటికి తగులుతుంది. మధ్య రంధ్రం కోడిగుడ్డులా సాగి ఉంటే, స్టాండు కడ్డీకి తొడిగే ప్లాస్టిక్ స్లీవ్ లేకుండా వాయించారన్నమాట, బేరం ఆడొచ్చు.