ఇంటర్ అయ్యేదాకా జూడో మాన్పించాలా?

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. బాబు ఇంటర్ మొదటి సంవత్సరం, ఎంపీసీ. పదో తరగతి దాకా చలాకీగా ఉండేవాడు, ఇప్పుడు ముభావంగా ఉంటున్నాడు. పుస్తకం ముందు గంటలు కూర్చున్నా పేజీ తిరగదు. ఈమధ్య జూడోలో చేరాడు, వారానికి మూడు సాయంత్రాలు. మావారేమో ‘కొట్లాటలు నేర్చుకుంటే ఐఐటీ వస్తుందా?’ అని మాన్పించమంటున్నారు. వాడు ససేమిరా అంటున్నాడు. ఏం చేయాలి?

జవాబు: మాన్పించకండమ్మా. లక్షల్లో ఫీజు కట్టిన తండ్రికి టెన్షన్ ఉండటం సహజమే. కానీ పొద్దున్నే కాలేజీ బస్సెక్కి, చీకటి పడ్డాక దిగే పిల్లాడు తనంతట తాను ఇష్టపడి వెళ్తున్న చోటు అదొక్కటే అనిపిస్తోంది.

జూడో పోటీల్లో గుద్దడం, తన్నడం ఉండవు. పట్టుకోవాలి, పడేయాలి, కదలనీయకుండా అదిమిపెట్టాలి. చేరగానే నేర్పేది కూడా పడటమే. గడ్డం రొమ్ముకు ఆనించి, అరచేత్తో చాపను గట్టిగా చరుస్తూ, తలకు దెబ్బ తగలకుండా పడాలి. పడి లేచి మళ్లీ అవతలివాడి కాలరు ఒక చేత్తో, చొక్కా చెయ్యి ఇంకో చేత్తో పట్టుకోవాలి. అతను బరువు ఏ కాలి మీదికి మారుస్తున్నాడో కనిపెట్టాలి. మనసు క్షణం అటూ ఇటూ పోయిందా, వెల్లకిలా పడతాడు! ధ్యాస తప్పిందని వీకెండ్ టెస్టు మార్కులొచ్చేదాకా ఆగి తెలుసుకోనక్కర్లేదు. దీనివల్ల ఫిజిక్స్ దానంతటదే వచ్చేస్తుందని నేను చెప్పను. ఒళ్లు అలిసి నిద్ర బాగా పడుతుంది, తప్పు చేసిన వెంటనే మళ్లీ మొదలుపెట్టడం అలవాటవుతుంది. చదువుకు అక్కరకొచ్చేవి ఇవే.

ఇక మనుషులతో కలవడం. జూడో ఒంటరిగా వచ్చేది కాదు. పట్టు బిగిసినప్పుడు అవతలివాడు చేత్తో రెండుసార్లు తడితే ఆ క్షణమే వదిలేయాలి. తన మెడ తోటివాడి చేతిలో పెట్టాలి, వాడి మెడ తన చేతిలో ఉన్నప్పుడు జాగ్రత్తగా చూసుకోవాలి. నలుగురితో మాట కలపలేని పిల్లలకు ఇలా దగ్గరవడం తేలిక. 1882లో టోక్యోలో జూడోను మొదలుపెట్టిన జిగోరో కానో చదువు చెప్పే మాస్టారే. తానూ ఎదుటివాడూ కలిసి బాగుపడాలన్నది ఆయన పెట్టిన నియమాల్లో ఒకటి. మీవారికి ఈ సంగతి చెప్పి చూడండి.

అంతకన్నా ఆయన్ని ఓ సాయంత్రం అక్కడికి తీసుకెళ్లి కూర్చోబెట్టండి. చాపలు సరిగ్గా ఉన్నాయా, కోచ్ పిల్లల్ని అవమానించకుండా నేర్పుతున్నారా అన్నది ఆయనే చూస్తారు. పరీక్షల నెలల్లో మూడు సాయంత్రాలు రెండు చేసుకోవచ్చు, ఆ మాట బాబుతో కలిసే తేల్చుకోండి. ‘మార్కులు తగ్గితే జూడో బంద్’ అని మాత్రం బెదిరించకండి. పతకాల గోల కూడా వద్దు, ఇంట్లో ఇప్పటికే ఒక ర్యాంకుల గోల ఉంది కదా.

ఇంత చేసినా వాడి ముభావం తగ్గకపోయినా, తిండీ నిద్రా దెబ్బతిన్నా, బతుకు మీద విరక్తి మాటలు వినిపించినా ఆలస్యం చేయొద్దు. మానసిక వైద్యులకు చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. డాక్టరు దగ్గరికి వెళ్తున్నామని బాబుకు ముందే చెప్పి తీసుకెళ్లండి.