కండ కరిగిపోతోంది.. నరాల పరీక్షతో తేలిపోతుందా?

ప్రశ్న: నాన్నకు 56 ఏళ్లు. ఆరు నెలలుగా కుడి చేతి పట్టు తగ్గింది, చొక్కా గుండీలు పెట్టుకోలేకపోతున్నారు. బొటనవేలి కింద కండ కరిగింది. భుజం దగ్గర అదురుతోంది. తిమ్మిరి లేదు. మోటార్ న్యూరాన్ జబ్బేమోనని డాక్టర్ నరాలకు కరెంట్ పరీక్ష, సూది పరీక్ష రాశారు. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. వీటితో తేలిపోతుందా?
- ఒక పాఠకుడు, గాజువాక, విశాఖపట్నం

జవాబు: మోటార్ న్యూరాన్ జబ్బంటే, కండలను కదిలించే నరకణాలు మెదడులో, వెన్నుపాములో క్రమంగా దెబ్బతినడం. ఈ పరీక్షలు ఒక్కటే చూసి ఆ జబ్బు ఉందనీ లేదనీ చెప్పలేం. కానీ ఇవి లేకుండా ముందుకు వెళ్లడం కూడా సరికాదు.

మొదటిది ఎన్‌సీఎస్ (నర్వ్ కండక్షన్ స్టడీ), అంటే నరాలకు కరెంట్ పరీక్ష. చర్మం మీద కొద్దిపాటి కరెంట్ ఇచ్చి, నరంలో సంకేతం ఎంత వేగంగా, ఎంత బలంగా వెళ్తోందో కొలుస్తారు. చురుక్కుమంటుంది, అంతే. మోటార్ న్యూరాన్ జబ్బులో స్పర్శ నరాలు సాధారణంగా బాగానే ఉంటాయి. కదలిక నరంలో మధ్యలో ఎక్కడో సంకేతం ఆగిపోతుంటే, అది మల్టీఫోకల్ మోటార్ న్యూరోపతి (ఒంట్లోని రోగనిరోధక శక్తే కదలిక నరాలను దెబ్బతీసే జబ్బు) కావచ్చు. చూడటానికి అచ్చం ఇలాగే ఉంటుంది కానీ ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇంజెక్షన్లతో చాలామందిలో బలం మెరుగవుతుంది. నేనైతే ముందు దీనికోసమే వెతుకుతాను.

రెండోది ఈఎంజీ (ఎలక్ట్రోమయోగ్రఫీ), అంటే సూది పరీక్ష. ఇందులో కరెంట్ ఇవ్వరు. సన్నటి సూది గుచ్చి, కండలో పుట్టే విద్యుత్తును తెరపై చూస్తారు, స్పీకర్లో వింటారు. విశ్రాంతిలో ఉన్న మంచి కండ చప్పుడు చేయదు. నరం సంబంధం తెగిన కండ మాత్రం రేకుల కప్పు మీద చినుకులు పడ్డట్టు టపటపలాడుతుంది. బాగానే ఉన్నాయనుకునే కాళ్లలో, వీపులో, ఒక్కోసారి నాలుకలో కూడా గుచ్చేది, అక్కడా ఈ తేడా మొదలైందేమో చూడటానికే. తేడా చేతికే పరిమితమైతే మెడలో నరం నొక్కుకుపోయిందేమో చూడాలి. ఈ జబ్బు నిర్ధారణకు నిపుణులు రూపొందించిన 2008 నాటి అవాజీ ప్రమాణాల నుంచి ఈ సూది ఆధారాలకు, డాక్టర్ చేత్తో పరీక్షించి చూసినదానికి సమాన విలువ ఇస్తున్నారు. సూది అనగానే లేచి వచ్చేసేవాళ్లుంటారు. నాన్నగారిని మాత్రం అలా రానివ్వకండి.

మెదడు నుంచి దిగే నరకణాల సంగతి ఈఎంజీలో కనిపించదు. దానికి మోకాలి మీద సుత్తితో కొట్టి చూడటం లాంటి పరీక్షలే దిక్కు. మెడ ఎంఆర్ఐ, రక్తపరీక్షలు కూడా కావాలి. తొలి దశలో రిపోర్టు నార్మల్‌గా వచ్చినా, బలహీనత పెరుగుతుంటే కొన్ని నెలలకు మళ్లీ చేయించాలి.

పరగడుపున వెళ్లనక్కర్లేదు. ఆ రోజు ఒంటికి నూనె, క్రీము రాయొద్దు. రక్తం పలుచబడే మాత్రలు వాడుతున్నా, పేస్‌మేకర్ ఉన్నా ముందే చెప్పండి. ఏసీ గదిలో కూర్చుని చేతులు చల్లబడితే నరం వేగం తక్కువ చూపిస్తుంది. అలా ఉంటే వేడి చేశాకే పరీక్ష మొదలుపెట్టమని అడగండి.