మైలుతుత్తానికి రెండు నంబర్లు ఎందుకు

భీమవరం

చి. అమ్మడికి,

నువ్వు పంపిన పట్టిక చూశాను. చెరువుల్లో వాడే మందులన్నీ ఒకచోట చేర్చాలన్న ఆలోచన నాకు చాలా నచ్చింది. 14వ వరుస దగ్గర మాత్రం ఆగిపోయానమ్మా. కాపర్ సల్ఫేట్ అని ఒకే పేరు రాసి, పక్కన రెండు కాస్ నంబర్లు (ఒక్కో రసాయనానికి ఇచ్చే గుర్తింపు సంఖ్యలు) పెట్టేశావు.

7758-98-7 నీళ్లు లేని తెల్లపొడి. 7758-99-8 మన ఆక్వా షాపుల్లో దొరికే నీలం పలుకులు, అంటే మైలుతుత్తం. అందులో ఒక్కో కాపర్ సల్ఫేట్‌కి ఐదు నీటి అణువులు ఉంటాయి. కిలో తెల్లపొడిలో రాగి సుమారు 398 గ్రాములు, కిలో మైలుతుత్తంలో 255 గ్రాములే. నీలం రకానికి కట్టిన మోతాదుకి తెల్లపొడి తూచి వేస్తే చెరువులో రాగి ఒకటిన్నర రెట్లు దాటిపోతుంది. ఆల్కలినిటీ (ఆమ్లాన్ని తట్టుకునే గుణం) తక్కువున్న నీళ్లలో చేప తట్టుకోలేదు.

ల్యాబ్‌లో చేరిన కొత్తలో నేనూ ఇలాగే పేరు చూసి స్టాండర్డ్, అంటే కొలతలు పోల్చుకునే ద్రావణం, కలిపేశాను. పొడి తెల్లగా ఉంటే పాతబడి రంగు పోయిందనుకున్నాను. రీడింగులు కుదరక, గాజుపలక మీద చిటికెడు పొడి పోసి ఒక్క నీటిచుక్క వేశాను. చుక్క పడినంతమేరా నీలమైపోయింది. ఆ వారం రిపోర్టులన్నీ మళ్లీ చేశాం.

అందుకే ఒక్కో రూపానికి ఒక్కో వరుస ఇవ్వు. చుట్టరికం చెప్పడానికి వేరే గడి పెట్టు: ఇది దాని హైడ్రేట్ (నీటి అణువులు కలిసిన రూపం), ఇది దాని లవణం అని. ఆక్సీటెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్‌కీ ఇదే పద్ధతి: అసలుది 79-57-2, హైడ్రోక్లోరైడ్ 2058-46-0. పబ్‌కెమ్ అనే ఆన్‌లైన్ రసాయనాల డేటాబేస్‌లో ఎస్ఐడి అంటే ఎవరో ఒకరు దాఖలు చేసిన రికార్డు, సీఐడి అంటే సరిచూసి ఖాయం చేసిన నిర్మాణం. నీకు కావాల్సింది సీఐడి. ఇన్‌చీకీలో, అంటే నిర్మాణాన్ని బట్టి వచ్చే అక్షరాల కోడ్‌లో, మొదటి 14 అక్షరాలు కలిస్తే ఒకటేననుకోకు, అద్దంలో ప్రతిబింబాల్లాంటి కుడిఎడమ రూపాలకీ అవే వస్తాయి.

కాస్ నంబరు టైపు చేశాక సరిచూడు. చివరి అంకె వదిలేసి, మిగతావాటిని కుడినుంచి వరసగా 1, 2, 3... ఇలా హెచ్చించి కూడు. 7758-99-8కి 148 వస్తుంది. అందులో చివరి 8, నంబరు చివరి 8 ఒకటే కాబట్టి టైపు సరిగ్గానే ఉన్నట్టు. అయినా అది నీకు కావాల్సిన పదార్థమేనని ఆ లెక్క చెప్పదు.

వాడుకపేర్లు మాత్రం తీసెయ్యకు. రైతు మైలుతుత్తం అనే అడుగుతాడు. 14వ వరుస విడగొట్టి ఆదివారంలోగా పంపు, కూర్చుని చూస్తాను.

మీ పెదనాన్న