నడక మధ్యలో ఆగిపోతే మళ్లీ మొదలుపెట్టడం ఎలా?

ప్రశ్న: ప్రతిసారీ ఓ నెల రోజులు బాగానే నడుస్తాను. ఈలోగా ఏ పెళ్లో, జ్వరమో అడ్డం వచ్చి ఆగిపోతాను. మళ్లీ మొదలుపెట్టేసరికి నెలలు గడిచిపోతాయి. ఇప్పుడూ అదే పరిస్థితి. వ్యాయామం మీద ఆసక్తి పోకుండా నిలబెట్టుకోవడం ఎలా? అనుభవం ఉన్నవారు చెప్పండి.

జవాబు:

నెల రోజులు బాగానే నడుస్తున్నారంటే మీకు ఆసక్తి లేక కాదు, బద్ధకమూ కాదు. ఆగాక తిరిగి అందుకోవడం దగ్గరే చిక్కంతా. కాబట్టి ఆసక్తి ఎలా పెంచుకోవాలో నేను చెప్పను. దాని గురించి వీడియోలు బోలెడున్నాయి, చూసినంతసేపూ బాగానే ఉంటాయి.

నేను విశాఖపట్నంలో ఉంటాను. ఉద్యోగం, బడికెళ్లే పిల్లలు, ఇంట్లో అత్తగారు. చాలా ఏళ్లుగా నడుస్తున్నాను. ఇన్నేళ్లలో నడక ఆగని సంవత్సరం ఒక్కటీ లేదు. ఆగకూడదని పట్టుబట్టడం మానేశాకే ఇది నాకు అలవాటుగా నిలబడింది.

ఓసారి గోడ క్యాలెండరు తీసి సంవత్సరమంతా చూడండి. జనవరిలో సంక్రాంతి. ఊరెళ్తే వారం పోతుంది, అరిసెలూ జంతికలూ ఆ పైవారం దాకా ఉంటాయి. మార్చిలో పిల్లల పరీక్షలు. ఆ తర్వాత పెళ్లిళ్లు, వాటితోపాటే ఉక్కపోత. మా వైజాగ్ ఎండ డిగ్రీల లెక్కలో విజయవాడంత ఉండదు గానీ, సముద్రపు తేమకి ఉదయం ఏడు కాకుండానే ఒళ్లంతా తడిసి ముద్దవుతుంది. జూన్‌లో బడులు, పుస్తకాల అట్టలు. తర్వాత వానలు, వాటి వెంట జ్వరాలు. శ్రావణ శుక్రవారాలు. దసరా. అక్టోబరు, నవంబరు వచ్చాయంటే తుపాను భయం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చిపోయాక బీచ్ రోడ్డు మీద నడక మాట దేవుడెరుగు, వీధుల్లో కూలిన చెట్ల మధ్య నుంచి పాల ప్యాకెట్ కోసం వెళ్లిరావడమే పెద్ద పని అయింది.

ఇవి తీసేస్తే ఏ ఆటంకమూ లేని వారాలు ఎన్ని మిగులుతాయి? పండగ వస్తుందని మనకు ముందే తెలుసు. అయినా ప్రతిసారీ అది మన క్రమశిక్షణని చెడగొట్టడానికే వచ్చినట్టు బాధపడతాం.

అందుకని నేను చేసేదేమిటంటే, ఆగబోయే ముందే మళ్లీ మొదలుపెట్టే తేదీ రాసుకుంటాను. ఊరి నుంచి తిరిగొచ్చిన మర్నాడు మాత్రం పెట్టుకోను. ఆ రోజు ఫ్రిజ్ ఖాళీ, బట్టలు గుట్ట, పనిమనిషి వస్తుందో రాదో తెలియదు. దాని తర్వాతి రోజు పెట్టుకుంటాను. బ్యాగులు సర్దేటప్పుడే నడిచే షూ గూట్లోంచి తీసి, సాక్సు లోపల దోపి, తలుపు పక్కన పెట్టి తాళం వేస్తాను. తిరిగొచ్చి తలుపు తీయగానే ముందు అవే కనబడతాయి. ఇది చిన్నపిల్లల చేష్టలా అనిపించవచ్చు. కానీ పొద్దున్నే ఐదింటికి చీకట్లో సాక్సు జత కోసం వెతుక్కుంటూ వెనక్కి వెళ్లి పడుకున్నవాళ్లు నాకు చాలామంది తెలుసు.

ఇంకో సంగతి ఎవరూ పెద్దగా చెప్పరు. రెండు మూడు వారాలు మానేస్తే ఆయాసం తట్టుకునే శక్తి నిజంగానే తగ్గుతుంది. కండబలం అంత త్వరగా పోదు, దమ్ము మాత్రం ముందే పోతుంది. ఇది తెలియక తిరిగి మొదలుపెట్టిన రోజే పాత దూరం, పాత వేగం అందుకోవాలని చూస్తాం. సగంలోనే రొప్పు వస్తుంది, మర్నాడు పిక్కలు పట్టేస్తాయి. "ఇక నా వల్ల కాదు" అని మళ్లీ ఆగిపోతాం. మీకు నెలలు పట్టడం వెనక ఇది కొంతైనా ఉండి ఉంటుందని నా అనుమానం. మొదటి వారం పాతదాంట్లో సగమే నడవండి. ఇంకాస్త నడుద్దామని ఉబలాటంగా ఉన్నా ఇంటికొచ్చేయండి. ఒకసారి చేసిన శరీరం కాబట్టి పూర్తిగా కొత్తవాళ్లకన్నా త్వరగానే దారికొస్తుంది.

డెంగీ, చికున్‌గున్యా లాంటివి వచ్చి తగ్గినవారికి ఈ లెక్క వర్తించదు. వాళ్లు డాక్టరుని అడిగే మొదలుపెట్టాలి.

"ఒక్కరోజు మానితే అలవాటు పోతుంది" అనే మాట కూడా నమ్మకండి. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో ఫిలిపా లాలీ బృందం 96 మందిని 12 వారాలు గమనించి 2010లో ఒక పరిశోధన ప్రచురించింది. రోజూ ఒకే సందర్భంలో ఒక కొత్త పని చేస్తూ పోతే అది అలవాటుగా మారడానికి ఎంత కాలం పడుతుందన్నది వాళ్లు చూసిన విషయం. నడిమి లెక్కన 66 రోజులు వచ్చింది. కానీ అది 18 రోజులే పట్టిన మనిషి దగ్గర్నుంచి, అంచనా వేస్తే 254 రోజులు పడుతుందని తేలిన మనిషి దాకా మారింది. 21 రోజుల్లో అలవాటైపోతుందని వాట్సాప్‌లో తిరిగేదానికి ఇది చాలా దూరం. నాకు వీటన్నిటికన్నా నచ్చిన ముక్క వేరే ఉంది. మధ్యలో ఒకరోజు తప్పినంత మాత్రాన అలవాటు పడటం మీద చెప్పుకోదగ్గ తేడా రాలేదట.

మా ఇంట్లో గోడ క్యాలెండరు మీద పాల లెక్క రాస్తాం. పాలు రాని రోజు అడ్డగీత. అదే గడిలో కింద మూలన నా నడక లెక్క కూడా ఉంటుంది. నడిచిన రోజు ఏమీ రాయను, నడవని రోజు చుక్క పెడతాను. ఊరెళ్లడం లాంటివి లేని మామూలు రోజుల్లో రెండు చుక్కలు పక్కపక్కన పడకుండా చూసుకోవడం ఒక్కటే నియమం. ఒక చుక్క పడిన మర్నాడు వాన పడనీ, చుట్టాలు రానీ, పది నిమిషాలైనా ఏదో ఒకటి చేస్తాను. డాబా మీద అటూ ఇటూ తిరిగినా సరే, అపార్ట్‌మెంట్ మెట్లు నాలుగుసార్లు ఎక్కిదిగినా సరే. పది నిమిషాలు ఏం లెక్క అంటారా? ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన ప్రకారం పెద్దవాళ్లకి వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ ఉండాలి. ఒక్కో విడత కనీసం పది నిమిషాలైనా ఉండాలనే షరతు వాళ్ల 2010 సూచనల్లో ఉండేది, 2020లో దాన్ని తీసేశారు. ఇప్పుడు చిన్న ముక్కలు కూడా లెక్కలోకి వస్తాయి.

పదివేల అడుగుల గొడవ కూడా వదిలేయండి. 1960లలో జపాన్‌లో ఒక కంపెనీ అడుగులు లెక్కపెట్టే పరికరం అమ్ముతూ దానికి పెట్టుకున్న పేరులోంచి వచ్చిన అంకె అది. వైద్యులు కొలిచి తేల్చింది కాదు. హార్వర్డ్‌కి చెందిన ఐ-మిన్ లీ బృందం సగటున 72 ఏళ్ల వయసున్న మహిళల మీద చేసిన అధ్యయనం 2019లో వచ్చింది. రోజుకి 2,700 అడుగులు వేసేవారికన్నా 4,400 వేసేవారిలో మరణాల రేటు బాగా తక్కువగా ఉంది. 7,500 దాటాక తేడా దాదాపు ఆగిపోయింది. మీ వయసు తక్కువైతే ఇవే అంకెలు మీకు సరిపోవు గానీ, ఫోనులో తొమ్మిది వేలు చూపిస్తోందని రాత్రి పదింటికి మంచం చుట్టూ తిరగనక్కర్లేదు. మా ఆఫీసులో ఒకాయన కూర్చుని చెయ్యి ఊపి మరీ లెక్క పూర్తి చేస్తారు.

ఇక మనుషుల సంగతి. నాకు అన్నిటికన్నా పనిచేసింది ఇదే. మా బీచ్ రోడ్డులో తెల్లవారుజామున కొంతసేపు వాహనాలు ఆపేస్తారు. కాళీమాత గుడి, సబ్‌మెరైన్ మ్యూజియం, కోస్టల్ బ్యాటరీ వైపు రోడ్డంతా నడిచేవాళ్లే. రోజూ అదే వేళకి వెళ్తే పేర్లు తెలియకపోయినా ముఖాలు తెలుస్తాయి. అక్కడ రాగి అంబలి అమ్మే ఒకావిడ ఉంది. స్టీలు గ్లాసులో అంబలి పోసి, పైన ఉల్లిపాయ ముక్కలు చల్లి, నంజుకోవడానికి ఊరమిరపకాయ ఇస్తుంది. రెండు రోజులు కనబడకపోతే, "ఏటమ్మా, ఒంట్లో బాగోనేదా? రానేదేటి?" అని అందరి ముందూ అడుగుతుంది. ఏ ఫోను యాప్ గంట కొట్టినా నేను పట్టించుకోను గానీ, ఆవిడకి జవాబు చెప్పుకోవాలంటే మాత్రం కష్టం.

జతగాళ్లని ఎంచుకునేటప్పుడు మరీ దగ్గరివాళ్లు వద్దు. అక్కచెల్లెళ్లయినా, ప్రాణ స్నేహితులైనా "ఈరోజు వద్దులేవే" అంటే "సరేలే" అనేస్తారు, ఇద్దరూ కలిసి మానేస్తారు. ఓ మోస్తరు పరిచయం ఉన్నవాళ్లయితే మొహమాటం ఉంటుంది. ఆ మొహమాటమే మనల్ని మంచం మీంచి లేపుతుంది. మా మెట్ల దగ్గర నాకోసం ఆగే పై అంతస్తు మాస్టారు రిటైరైన మనిషి. ఆయన్ని చలిలో నిలబెట్టి నేను దుప్పటి కప్పుకుని పడుకోలేను.

పెద్ద లక్ష్యం పెట్టుకోమని చాలామంది చెబుతారు. మా దగ్గర దానికి సింహాచలం గిరి ప్రదక్షిణ ఉంది. ఆషాఢ పౌర్ణమికి ముందు రోజు కొండ కింద తొలిపావంచా (మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి, అడవివరం, హనుమంతవాక, అప్పుఘర్, మాధవధార, ఎన్‌ఏడీ, గోపాలపట్నం మీదుగా దాదాపు 32 కిలోమీటర్లు నడిచి తిరిగి అక్కడికే చేరతారు. రాత్రంతా జనం నడుస్తూనే ఉంటారు, దారి పొడవునా మజ్జిగ, పులిహోర, నీళ్లు ఇస్తారు. దానికోసం వేసవి నుంచే నడక పెంచేవాళ్లని చూశాను, మంచిదే. కానీ ప్రదక్షిణ అయిపోయాక కాళ్ల బొబ్బలు మానేదాకా అని ఆగి, కార్తీకం వచ్చినా షూ వైపు చూడనివాళ్లనీ చూశాను. మొక్కు తీరిపోయింది కదా. మారథాన్‌కి డబ్బు కట్టినవాళ్లదీ ఇదే తంతు. అందుకే ప్రదక్షిణకి వెళ్లే ఏడాది, అది అయ్యాక ఎప్పుడు మొదలుపెట్టాలో ఆ తేదీ కూడా ముందే రాస్తాను. పోయిన దమ్మెంతో, ఉన్నదెంతో తెలుసుకోవడానికి మాత్రం అంత మంచి పరీక్ష ఇంకోటి లేదు. హనుమంతవాక దాటేసరికే తెలిసిపోతుంది.

పొద్దున్నే లేవడం మీద కూడా అందరూ ఒత్తిడి చేస్తారు. మీరు స్త్రీ అయితే, ఇంట్లో బాక్సులు కట్టే పని మీదే అయితే, ఐదింటికి నడక అనేది నిద్రలోంచి కోసుకున్నదే. నిద్ర తక్కువైతే రెండు వారాల్లో ఒళ్లు ఎదురు తిరుగుతుంది. నా పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు నేను సాయంత్రాలే నడిచేదాన్ని. ఆఫీసు నుంచి ఇంటికి రాకుండా, రెండు స్టాపుల ముందే బస్సు దిగిపోయేదాన్ని. ఇంటికొచ్చి నైటీ వేసుకున్నాక మళ్లీ బయటికి వెళ్లడం ఎవరి తరమూ కాదు, కాబట్టి ఇల్లు చేరకముందే అయిపోవాలి. బ్యాగులో ఒక జత మామూలు షూ, వెనక్కి జారకుండా దుపట్టాకి ఒక పిన్ను, అంతే ఖర్చు. జిమ్ బాగానే ఉంటుంది గానీ, ఏడాది ఫీజు ఒకేసారి కట్టడం వల్ల మనసు మారదు. డిస్కౌంటు చూసి తొందరపడకండి, నెలనెలా కట్టే వీలుంటే అదే నయం.

నడక ఒక్కటే చాలదన్న సంగతి నాకు మోకాలి నొప్పి వచ్చాకే తెలిసింది. వారానికి కనీసం రెండు రోజులు కండరాలకు పని చెప్పాలని పైన చెప్పిన ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచనల్లోనే ఉంది. నేను కుర్చీ ముందు నిలబడి, చేతులు ఆన్చకుండా కూర్చుని లేస్తాను. గోడకి చేతులు ఆనించి తోస్తాను. పప్పు కుక్కరు మీదున్నప్పుడు రెండో విజిల్ వచ్చేలోగా ఒక విడత అయిపోతుంది. మా తాతగారి కాలంలో బస్కీలు, దండీలు అనేవాళ్లు, ఇప్పుడు పిల్లలు స్క్వాట్లు, పుషప్‌లు అంటున్నారు.

మీ విషయానికొస్తే, ఆగి ఎన్నాళ్లయిందో మీరు రాయలేదు. నెల దాటి ఉంటే ఈ వారం పదిహేను నిమిషాలకి మించకండి. వేగం కూడా పక్కనున్నవాళ్లతో మాట్లాడగలిగేంతే ఉండాలి. షుగరుకి మాత్రలో ఇన్సులినో వాడుతుంటే ఖాళీ కడుపుతో వెళ్లే ముందు డాక్టరుతో ఒక మాట చెప్పండి, జేబులో రెండు చాక్లెట్లు ఉంచుకోండి. నడుస్తుంటే గుండెల్లో బరువుగా అనిపించినా, ఎడమ చెయ్యి లాగినా, "గ్యాస్ అయి ఉంటుంది" అనుకుని ఊరుకోకుండా అక్కడే ఆగి ఆసుపత్రికి వెళ్లండి. మీది ఏ ఊరో, ఏ వేళ ఖాళీ ఉంటుందో కింద రాయండి. మీ ఊళ్లో నడిచేవాళ్లు ఇక్కడ ఎవరో ఒకరు ఉండే ఉంటారు, మీ మెట్ల దగ్గర ఆగే మనిషి దొరకవచ్చు.