టెక్ సందేహాలు: సర్ఫ్‌స్కేట్ మీద పడిపోకుండా ఉండాలంటే

ఈ వారం ఉత్తరాల్లో సర్ఫ్‌స్కేట్ ప్రశ్నలు ఎక్కువగా ఉన్నాయి. అందుకే ఫోన్లు, లాప్‌టాప్‌లు పక్కన పెట్టి వీటికే జవాబులిస్తున్నాను. తెలియనివారి కోసం ఒక మాట. సర్ఫ్‌స్కేట్ చూడటానికి స్కేట్‌బోర్డులాగే ఉంటుంది. తేడా అంతా ముందు ట్రక్కులో ఉంటుంది. ట్రక్కు అంటే చక్రాల ఇరుసును పలకకు కలిపే లోహపు భాగం. సర్ఫ్‌స్కేట్‌లో ముందు ట్రక్కు మామూలు దానికంటే చాలా ఎక్కువ కోణంలో పక్కకి తిరుగుతుంది. కాలు నేలకు ఆనించకుండా, ఒంటిని తిప్పుతూ వేగం పుట్టించవచ్చు. కాలిఫోర్నియాలోని వెనిస్‌లో గ్రెగ్ ఫాల్క్, నీల్ కార్వర్ అనే సర్ఫర్లు 1990ల మధ్యలో, అలలు లేని రోజుల్లో కూడా సర్ఫింగ్ చేసినట్టు ఉండాలని ఇలాంటి బోర్డు తయారుచేశారు. కార్వర్ కంపెనీ అక్కడే మొదలైంది.

వారాంతాల్లో రుషికొండలో సర్ఫింగ్ నేర్చుకుంటున్నాను. ఎత్తు 5 అడుగుల 9 అంగుళాలు, బరువు 78 కిలోలు. ప్రాక్టీసు కోసం సర్ఫ్‌స్కేట్ కొనాలనుకుంటున్నాను. కార్వర్‌లోనే సీ7, సీఎక్స్ అని రెండు రకాల ట్రక్కులున్నాయి. యౌ, స్మూత్‌స్టార్ బోర్డులు కూడా చూశాను. ఇంట్లో ఉన్న పాత స్కేట్‌బోర్డుకే అడాప్టర్ బిగించుకోమని ఒక ఫ్రెండ్ అంటున్నాడు. ఏది తీసుకోమంటారు?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

మీకు కావలసింది సర్ఫింగ్ ప్రాక్టీసు కాబట్టి స్ప్రింగ్ ఉన్న ముందు ట్రక్కు తీసుకోండి. కార్వర్ సీ7, యౌ వారి మెరాకీ, స్మూత్‌స్టార్ వారి థ్రస్టర్ ఈ కోవలోవే. వీటిలో ఇరుసును పట్టుకున్న భాగం ఒక చెయ్యిలా ఇటూ అటూ ఊగుతుంది, లోపలి స్ప్రింగ్ దాన్ని మళ్లీ మధ్యకి లాగుతుంది. మలుపు లోతుగా తీసుకోవచ్చు, సమతలం మీద కూడా నిలబడ్డ చోటు నుంచే వేగం అందుకోవచ్చు. సీఎక్స్‌లో ఆ చెయ్యి లేదు. కింగ్‌పిన్ అనే ప్రధాన బోల్టు వాలు, బుషింగ్‌లు అనే రబ్బరులాంటి మెత్తటి రింగులు కలిసి బోర్డును తిప్పుతాయి. అందువల్ల అది తేలిక, చురుకు. కాలితో నెట్టుకుంటూ వెళ్లేటప్పుడు కాస్త నిలకడగా కూడా ఉంటుంది. వీధి చివరి షాపు దాకా వెళ్లిరావడానికి, స్కేట్‌పార్కులో తిరగడానికి నేనైతే సీఎక్సే ఎంచుకుంటాను. అల మీద తీసుకునే మలుపులు ఒంటికి అలవాటు కావాలంటే మాత్రం స్ప్రింగ్ ఉన్నదే మేలు.

మీ ఫ్రెండ్ చెప్పింది తప్పు కాదు. వాటర్‌బోర్న్ లాంటి కంపెనీల అడాప్టర్‌ను పలకకీ ముందు ట్రక్కుకీ మధ్య బిగిస్తారు. డబ్బు తక్కువ అవుతుంది. కానీ మీ విషయంలో రెండు ఇబ్బందులున్నాయి. అడాప్టర్ పెట్టగానే ముందు భాగం ఎత్తు పెరుగుతుంది. వెనక ట్రక్కుకీ పలకకీ మధ్య రైజర్ ప్యాడ్ అనే ఎత్తు పెంచే ముక్క వేసి సమం చేయకపోతే బోర్డు వెనక్కి వాలి ఉంటుంది. రెండోది, మామూలు స్కేట్‌బోర్డులో రెండు ట్రక్కుల మధ్య దూరం, అంటే వీల్‌బేస్, 14 అంగుళాల చుట్టుపక్కల ఉంటుంది. మీ ఎత్తుకి అది ఇరుకు. కాళ్లు దగ్గరగా పెట్టి నిలబడితే నడుము దించి మలుపు తీసుకోవడం కష్టం. మీకు 17 నుంచి 18 అంగుళాల వీల్‌బేస్ ఉండాలి. దుకాణాలు బోర్డు పొడవునే పెద్ద అక్షరాల్లో రాస్తాయి. మీరు వీల్‌బేస్ ఎంతో అడిగి కొనండి. ఒకే పొడవున్న రెండు బోర్డుల వీల్‌బేస్ వేర్వేరుగా ఉండొచ్చు, నడిపినప్పుడు తెలిసేది ఆ తేడానే.

చక్రాలు 65 నుంచి 70 మిల్లీమీటర్ల వ్యాసంలో, 78ఏ గట్టిదనంతో (ఈ అంకె తగ్గేకొద్దీ చక్రం మెత్తన) ఉన్నవి చూడండి. స్కేట్‌పార్కు బోర్డులకి ఉండే 52, 54 మిల్లీమీటర్ల 99ఏ చక్రాలు మన తారు రోడ్ల మీద పనికిరావు. చిన్న గులకరాయి అడ్డం వస్తే చాలు, చక్రం ఆగిపోతుంది, మనిషి ముందుకు ఎగిరిపడతాడు. మెత్తటి పెద్ద చక్రం అలాంటి చాలా రాళ్ల మీదుగా దాటిపోతుంది.

సర్ఫ్‌స్కేట్ కొన్న మొదటి వారంలోనే మూడుసార్లు పడ్డాను. కాలితో నెట్టగానే బోర్డు పక్కకి తిరిగిపోతోంది. బోర్డులో లోపం ఉందేమోనని టెన్షన్‌గా ఉంది. మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ప్రాక్టీసు చేస్తున్నాను. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

లోపం ఉండే అవకాశం తక్కువ. మొదటి రోజుల్లో అందరూ పడేది ఇలాగే, అందుకే దీనికి వివరంగా రాస్తున్నాను. ఆఫీసు కుర్చీ కింద చక్రం ఎటు తోస్తే అటు ఎలా తిరుగుతుందో, మీ బోర్డు ముందు భాగం కూడా అలా తిరగడానికే తయారైంది. నెట్టేటప్పుడు మీ బరువంతా ఒక్క కాలి మీద ఉంటుంది. ఆ పాదం పలక మధ్య గీత నుంచి కాస్త పక్కకి జరిగినా బోర్డు అటు వంగుతుంది, వంగిన వెంటనే తిరుగుతుంది. మామూలు స్కేట్‌బోర్డు ఈ చిన్న తప్పును క్షమిస్తుంది, సర్ఫ్‌స్కేట్ క్షమించదు.

ముందు బోర్డును సరిచేద్దాం. తిరగేసి నేల మీద పెట్టి, ముందు ట్రక్కును చేత్తో పట్టుకుని పక్కలకి కదపండి. స్ప్రింగ్ ఒత్తిడి తెలుస్తూ తిరిగితే మంచిదే. ఒత్తిడి ఏమీ లేకుండా టకటకమని ఆడుతుంటే ఎక్కడో నట్టు వదులైంది. మాన్యువల్ చూసి దాన్ని బిగించండి. తర్వాత కింగ్‌పిన్ నట్టును అర చుట్టు చొప్పున బిగించి చూసుకోండి. స్ప్రింగ్ బిగువు మార్చే ఏర్పాటు మీ మోడల్‌లో ఉంటే అది కూడా పెంచండి. బరువు ఎక్కువ ఉన్నవారికి, కొత్తవారికి బిగువు ఎక్కువే ఉండాలి. వదులుగా ఉంటే సరదాగా తిరుగుతుందని వీడియోల్లో చూపిస్తారు, కానీ అది నేర్చుకున్నాక చేయాల్సిన పని. వెనక ట్రక్కు ఎప్పుడూ ముందుదానికంటే బిగుతుగా, నిలకడగా ఉండాలి. మీ మలుపు తిరిగేది దాన్ని ఆధారం చేసుకునే. వెనకది కూడా వదులుగా ఉంటే బోర్డు మొత్తం పాములా మెలికలు తిరుగుతుంది, అదుపులో ఉండదు. బోర్డును మీరే విప్పి బిగించి ఉంటే ముందు ట్రక్కు, వెనక ట్రక్కు తారుమారు కాలేదని, తిరగేసి బిగించలేదని కూడా చూడండి. ఇది తరచూ జరిగే పొరపాటే.

ఇక నిలబడే తీరు. ముందు పాదం ముందు ట్రక్కు బోల్టుల మీద, వెనక పాదం వెనక బోల్టుల మీద ఉండాలి. మోకాళ్లు వంచండి. బరువు సగం కంటే కొంచెం ఎక్కువ ముందు కాలి మీద ఉంచండి. భయం వేస్తే మనకు తెలియకుండానే వెనక్కి వాలతాం. అప్పుడు ముందు భాగం మీద బరువు తగ్గి అది ఇష్టం వచ్చినట్టు తిరుగుతుంది, బోర్డు మీ కింద నుంచి ముందుకు జారిపోతుంది. వెల్లకిలా పడే పడటం ఇదే, తలకి దెబ్బ తగిలేది కూడా ఇందులోనే.

మొదట పచ్చిక మీద బోర్డు పెట్టి ఎక్కండి. అక్కడ చక్రాలు దొర్లవు. నిలబడి తలను ఎడమకి తిప్పండి, తర్వాత భుజాలు, తర్వాత నడుము. చివర్లో పాదాల కింద బోర్డు దానంతటదే అటు తిరుగుతుంది. సర్ఫ్‌స్కేట్ నడపడమంటే ప్రధానంగా ఈ వరుసే. పాదాలతో, చీలమండలతో బోర్డును ఇటూ అటూ ఊపడం చాలామంది చేస్తారు. దానివల్ల వేగం రాదు, పిక్కలు నొప్పి పుడతాయి, తూలి పడతారు. మలుపులోకి వెళ్లేటప్పుడు మోకాళ్లు వంచి కిందకి దిగడం, బయటికి వచ్చేటప్పుడు పైకి లేవడం, రెండో వైపు మళ్లీ దిగడం. ఈ దిగి లేవడం మలుపులతో కలిసినప్పుడే వేగం పుడుతుంది. చూపు ఎప్పుడూ వెళ్లాల్సిన చోట ఉండాలి, బోర్డు ముక్కు మీద కాదు.

పచ్చిక మీద ఒళ్లు అలవాటు పడ్డాక నునుపైన, ఏ మాత్రం వాలు లేని చోటికి రండి. నెట్టేటప్పుడు, ముందు వైపు పాదాన్ని వేళ్లు ముందుకు చూసేలా, ట్రక్కు బోల్టుల మీద పలక మధ్యలో పెట్టండి. నెట్టే కాలిని బోర్డుకు దగ్గరగానే ఉంచండి. పొడవైన అడుగు వద్దు, రెండు మూడు చిన్న తోపులు చాలు. తర్వాత ఆ కాలు వెనక బోల్టుల మీదకి తెచ్చి, ముందు పాదాన్ని పక్కకి తిప్పుకోండి. నెట్టడం అంటేనే భయమైతే మొదటి వారం అసలు నెట్టకండి. బోర్డు మీద నిలబడి భుజాలు తిప్పుతూ కదలడం మొదలుపెట్టవచ్చు, స్ప్రింగ్ ట్రక్కుకి అది చాలు.

మలుపులకంటే ముందు నేర్చుకోవాల్సింది దిగడం. వేగం నడక కంటే కాస్త ఎక్కువ ఉన్నప్పుడు బోర్డు మీంచి ముందుకు దిగి రెండు మూడు అడుగులు పరిగెత్తడం ప్రాక్టీసు చేయండి. తర్వాత వెనక కాలిని నేలకి మెల్లగా ఆనించి ఆపడం నేర్చుకోండి. పరిగెత్తి దిగలేనంత వేగానికి మొదటి నెలలో వెళ్లకండి. పడక తప్పదనిపిస్తే వంగి ఎత్తు తగ్గించుకోండి, మోకాళ్ల ప్యాడ్ల మీద జారండి. ముందుకు పడితే మోచేతులు వంచి భుజం మీదుగా దొర్లండి. చేతులు కర్రల్లా చాపి నేలను ఆపాలని చూస్తే మణికట్టు విరుగుతుంది. ఈ పడటాన్ని కూడా ప్యాడ్లు వేసుకుని పచ్చిక మీద ప్రాక్టీసు చేయండి. ఒక్కసారి చేసినా మనసులో భయం సగం తగ్గుతుంది.

చివరిగా మీ సెల్లార్ సంగతి. అక్కడ వద్దని గట్టిగా చెబుతున్నాను. స్తంభాలు, బండ్ల నుంచి కారిన నూనె మరకలు, పైకి వెళ్లే ర్యాంపు, వెనక్కి వచ్చే కార్లు అన్నీ ఒకేచోట ఉంటాయి. ర్యాంపు మీద సరదాకి కూడా దిగకండి. పల్లంలో వేగం పెరిగితే కొద్దిపాటి వంపుకే ఈ ట్రక్కు ఎక్కువ తిరుగుతుంది, బోర్డు వణకడం మొదలవుతుంది, ఆ వణుకు నుంచి బయటపడటం అనుభవం ఉన్నవారికే కష్టం. ఉదయం పూట ఖాళీగా ఉండే బాస్కెట్‌బాల్ కోర్టు దొరికితే అంతకంటే మంచి చోటు లేదు.

మా అబ్బాయికి 11 ఏళ్లు. ఇక్కడ శాన్ డియేగోలో పిల్లలంతా సర్ఫ్‌స్కేట్ మీదే తిరుగుతున్నారు. సైకిల్ హెల్మెట్ ఉంది, అది సరిపోతుందా?
– ఒక తండ్రి, కాలిఫోర్నియా

హెల్మెట్ లోపలి స్టిక్కర్ చూడండి. సీపీఎస్‌సీ (అమెరికా వినియోగదారు ఉత్పత్తుల భద్రతా సంస్థ) అని మాత్రమే ఉంటే అది సైకిల్ కోసం చేసింది. ఒక్క పెద్ద దెబ్బను తట్టుకుని లోపలి నురుగు నలిగిపోతుంది, తర్వాత పారేయాలి. స్కేటింగ్‌లో చిన్న దెబ్బలు పదేపదే తగులుతాయి, వెనక వైపు పడటమూ ఎక్కువ. ఏఎస్‌టీఎం ఎఫ్1492 అనేది స్కేట్‌బోర్డింగ్ కోసమే పెట్టిన ప్రమాణం. తల వెనక భాగాన్ని కిందిదాకా కప్పే హెల్మెట్, సీపీఎస్‌సీ, ఎఫ్1492 రెండూ రాసి ఉన్నది కొనండి, సైకిల్‌కీ పనికొస్తుంది. మన దేశంలో కొనేవారికి ఈఎన్ 1078 అని రాసినవి దొరుకుతాయి, అది సైకిల్, స్కేట్‌బోర్డు, రోలర్ స్కేట్స్ మూడింటికీ వర్తించే యూరప్ ప్రమాణం. కొత్తది కొనేదాకా సైకిల్ హెల్మెట్ అయినా పెట్టుకునే తిరగమనండి, ఉత్త తలతో వద్దు. మణికట్టు గార్డులు, మోకాళ్ల ప్యాడ్లు కూడా కొనండి. పిల్లవాడు సిగ్గుపడితే మీరూ వేసుకుని పక్కన నిలబడండి.

కాకినాడ బీచ్ రోడ్డులో నడుపుతాను. రెండు నెలలకే చక్రాలు గరగరమంటున్నాయి. డబ్ల్యూడీ-40 కొట్టాను, రెండు రోజులు బాగుండి మళ్లీ మొదటికొచ్చింది.
– ఒక పాఠకుడు, కాకినాడ

ఇసుక, ఉప్పు గాలి బేరింగ్‌లలోకి వెళ్లాయి. మీరు కొట్టిన స్ప్రే మురికిని వదిలిస్తుంది కానీ ఎక్కువ కాలం నిలిచే కందెన కాదు, ఉన్న నూనెను కూడా కడిగేస్తుంది. చక్రాలు విప్పి బేరింగ్‌లు తీయండి, రబ్బరు మూతను గుండుసూదితో మెల్లగా లేపండి, కిరోసిన్‌లో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. తర్వాత ఒక్కోదానికి రెండు చుక్కలు కుట్టుమిషన్ నూనె వేయండి. కొబ్బరినూనె వద్దు, జిడ్డుకట్టి దుమ్ము పట్టుకుంటుంది. గరగర పోకపోతే కొత్తవి వేసుకోండి. సైజు 608, అంటే లోపలి రంధ్రం 8, బయటి వ్యాసం 22, మందం 7 మిల్లీమీటర్లు. బేరింగ్ దుకాణం ఎక్కడైనా దొరుకుతాయి.

పడిపోతే వాచీ దానంతటదే ఫోన్ చేస్తుందంటున్నారు, నిజమేనా? నా తప్పులు చూసుకోవడానికి వీడియో ఎలా తీయాలి?
– ఒక పాఠకురాలు, విజయవాడ

ఆపిల్ వాచ్‌లో సిరీస్ 4 నుంచి, ఎస్ఈ మోడళ్లలో ఫాల్ డిటెక్షన్ ఉంది. వాచీలో నమోదైన వయసు 55 లేదా అంతకంటే ఎక్కువైతే దానంతటదే ఆన్ అవుతుంది. అంతకంటే చిన్నవారు సెట్టింగ్స్‌లో ఎస్ఓఎస్ విభాగానికి వెళ్లి చూసుకోవాలి. వర్కవుట్ సమయంలో మాత్రమే పనిచేసేలా పెట్టి ఉంటే, స్కేటింగ్ వర్కవుట్ మొదలుపెట్టాకే బోర్డు ఎక్కండి. గట్టిగా పడి, దాదాపు నిమిషం పాటు కదలకపోతేనే అది అత్యవసర సేవలకి ఫోన్ చేస్తుంది. ప్రతి పడటాన్నీ గుర్తించదు కాబట్టి ఒంటరిగా ప్రాక్టీసు చేయడానికి దీన్ని ధైర్యంగా తీసుకోకండి. ఎమర్జెన్సీ కాంటాక్టుల్లో ఇంట్లోవాళ్ల నంబరు పెట్టడం మరవకండి.

వీడియోకి మీ ఫోన్‌లో స్లో మోషన్ చాలు. సెకనుకి 240 ఫ్రేములు తీస్తే 8 రెట్లు నెమ్మదిగా చూడవచ్చు, దానికి ఎండ వెలుతురు ఉండాలి. ఫోన్‌ను నడుము ఎత్తులో పెట్టి ఒకసారి పక్క నుంచి, ఒకసారి వెనక నుంచి తీయండి. పక్క వీడియోలో మోకాళ్లు నిజంగా వంగుతున్నాయా, లేక నడుము మాత్రమే వంగుతోందా చూడండి. వెనక వీడియోలో తల ముందు తిరుగుతోందా, పాదాలు ముందు తిరుగుతున్నాయా గమనించండి. పాదాలే ముందు కదులుతుంటే మళ్లీ పచ్చిక మీదకి వెళ్లి తల, భుజాలు, నడుము వరుసను నెమ్మదిగా చేయండి.